కళింగనగరములో నొక దినము

పార్వతీపురమున మా వీధిలో పూరీ జగన్నాథుని దర్శింపని యిల్లు లేదనిన నతిశయోక్తి కానేరదు. కాశీయాత్ర చేసివచ్చిన పెద్దముత్తైదువలు సైతము కలరు. కాని యా పూరీ దేవాలయమును కట్టింప నారంభించిన అనంతవర్మ చోడగంగదేవుడు మొదట రాజ్యమేలిన నగరము మనకు ఒకపూట ప్రయాణములోనే యున్నదని యెరిగినవారు మిక్కిలి తక్కువ. శ్రీకాకుళము జిల్లా జలుమూరు మండలములో, వంశధారానది యెడమగట్టున నున్న ముఖలింగ గ్రామమే ఆ నగరము. దాని ప్రక్కపల్లెకు నేటికిని నగరికటకమని పేరు. తూర్పు గాంగరాజులు శతాబ్దముల తరబడి పాలించిన కళింగనగర మిదియే.

శివరాత్రికి ముఖలింగము పోవుచునే యున్నాము గదా యని సోదరీమణులు ప్రశ్నింపవచ్చును. పోవుచున్నాము, ఎట్లు పోవుచున్నాము? ముందునాటి రాత్రి పులిహోర కలిపి, పిల్లల బట్టలు సర్ది, ముసలివారి మందులు మరచిపోకుండ మూటగట్టి, వరుసలో రెండుగంటలు నిలిచి, స్వామి యెదుట రెండు నిమిషములు నిలిచి, చక్రతీర్థస్నానమునాడు వంశధారలో మునిగి, తడిచీరలు పిండుకొని, జనములో తప్పిపోయిన పిల్లవానిని వెదకి తెచ్చి, బండి యెక్కుచున్నాము. నేనును నాలుగుమారు లట్లు పోయితిని. చంకలో బిడ్డ యున్నప్పుడు కన్ను బిడ్డమీద నుండును గాని శిల్పముమీద నుండదు. కావున తిరునాళ్ళు ముగిసిన పిమ్మట, ఫాల్గుణమాసములో నొక మంగళవారమునాడు, ఒంటరిగా పోయి, పనియేమియు లేకుండ ఆ గోడలను చూచి రావలయునని సంకల్పించితిని.

"వెంట నెవరు?" అని మా అత్తగా రడిగిరి. ఎవరును లేరంటిని. మొక్కు కలదా యనిరి. లేదంటిని. మొక్కు లేదు, పెండ్లి లేదు, పురుడు లేదు, చావు లేదు. మరి యీ ప్రయాణమునకు పేరేమి? ఆమె యడుగుటలో కోపము లేదు. ఆమె యెరిగిన లోకములో ఆడుది గడప దాటి దూరము పోవుటకు కారణము లా నాలుగే. మామగారు మాత్రము, "బస్సు ఖర్చయినను లేదు గదా, పోయి రానిండు" అనిరి. 2025 ఆగష్టు 15వ తేదీన స్త్రీశక్తి పథకము మొదలైనప్పటినుండి పల్లెవెలుగు బస్సులలో మన కెవరికిని టిక్కెట్టు డబ్బులు లేవు. ఖర్చన్న సాకు తొలగినపిమ్మట మిగిలిన సాకులేవో బయటపడినవి. పిల్లలను బడికి పంపు భారము మావారు తమమీద వేసికొనిరి. చివరకు అత్తగారే పెరుగన్నము కలిపి, నిమ్మకాయ ఊరగాయ పైనబెట్టి డబ్బా మూసి, "చీకటి పడకముందే రా" అని యిచ్చిరి.

తొలిబస్సులో పాలకొండ చేరి, అచ్చట బస్సు మారి సీతంపేట ఘాటీ యెక్కితిని. ఇది సవరల సీమ. తెలతెలవారుచుండెను. దారిప్రక్కల ఇప్పచెట్లక్రింద ఆడువారు బుట్టలు పెట్టుకొని వంగి పూలేరుచుండిరి. ఇప్పపూవు రాత్రి విచ్చి తెల్లవారుసరికి రాలును. మీగడవన్నెతో, ద్రాక్షపండువలె కండగలిగి, తీయగా నుండును. ఎండ యెక్కకముందే యేరవలెను. ఆలస్యమైనచో పశువులును చీమలును ముందుపడును. ఎండబెట్టిన పూవు తినుటకును సారాకును పనికివచ్చును. గింజనూనె వంటకును దీపమునకును వాడుదురు. నా ప్రక్కన కూర్చుండిన యామె, "ఏనుగులు మళ్ళీ దిగినాయట" అని కిటికీలోనుండి కొండవైపు చూచుచుండెను. ఒడిషా అడవులనుండి వచ్చిన ఏనుగుల మంద కొన్నేండ్లుగా మా మన్యము జిల్లాలో తిరుగుచున్నందున, ఇచ్చట బస్సులో పలకరింపు వానతోగాక ఏనుగులతో మొదలగును. ఇప్పచెట్టును ప్రత్యేకముగ చెప్పుటకు కారణము ముందు తెలియగలదు.

కొత్తూరు, హిరమండలముల మీదుగా పోయి, నది దాటి, చివర కొంత ఆటోలో ప్రయాణముచేసి, తొమ్మిది దాటునప్పటికి ముఖలింగము చేరితిని.

ఊరి మొదటనే సోమేశ్వరాలయము కానవచ్చును. మన తెలుగుదేశములో గుడియనగా గాలిగోపురము, మండపములు, వాని వెనుక నెక్కడో చిన్న విమానము. ఇచ్చట నట్లు గాదు. మండపమే లేదు. నేలనుండి గర్భాలయముమీదికి ఒక్క శిఖరము, కొంచెము కొంచెముగా లోపలికి వంగుచు, నిలువుగీతలతో పైకి లేచినది. భువనేశ్వరమును చూచినవారు దీని నిట్టె పోల్చుకొందురు. ఇదియే కళింగశిల్పము. మధుకేశ్వరాలయము ఎనిమిది, తొమ్మిది శతాబ్దములనాటిదనియు, సోమేశ్వరము దాని తరువాతిదనియు పండితుల యభిప్రాయము. పూరీ దేవాలయము పన్నెండవ శతాబ్దిది, కోణార్కము పదమూడవ శతాబ్దిది. పెద్దయింటికి పోయి ఆశ్చర్యపడిన మనము, ఆ వంశమువారు కట్టుట నేర్చిన పాతయింటిముందునుండి తలవంచుకొని పోవుచున్నాము.

వాకిటి చుట్టును రాతిలో లతలు చెక్కిరి. ఆ లతలలో చిన్నచిన్న బొమ్మలు, ద్వారముపై నవగ్రహములు. గోడ గూళ్ళలోని దేవతలలో మహిషమర్దనియెదుట నేను చాలసేపు నిలిచితిని. రాతిలో గాలి తగిలినట్లు వస్త్రపు కుచ్చిళ్ళు చూపిన శిల్పికి చీరకట్టు తెలిసియుండవలెను. లేదా యింటిలో తెలిసినవారి నడిగియుండవలెను. వానలకు ముఖము లరిగినను నడుముల వంపులును చేతుల యొయ్యారమును చెడలేదు. శివరాత్రినాడు ఇచ్చటనే చెప్పులు విడిచి లోనికి పరుగెత్తెడివారము.

ఊరిలోని మధుకేశ్వరాలయము పెద్దది. నడుమ ప్రధానాలయము, మూలలందు చిన్న గుళ్ళు, ప్రాకారము. స్వామి ముఖలింగేశ్వరుడు, అమ్మవారు వారాహీదేవి. సప్తమాతృకలలో నొకరైన వరాహముఖి యిచ్చట ఇల్లాలు. గర్భగృహమున నున్న పెద్ద మట్టిగోలెమును పూజారిగారు చూపుదురు. అది గుమ్మముకంటె వెడల్పు. కావున లోని కెట్లు పోయెనని పిల్లలు పెద్దలు నొకేరీతి ఆశ్చర్యపడుదురు. ఒక కుమ్మరి భక్తుని కథ దానికి కలదు. కథమాట యెట్లున్నను, రాజులు బంగారమిచ్చిన గుడిలో కుమ్మరి యిచ్చిన మట్టికుండ స్వామిప్రక్కన నిలిచినది, బంగారము నిలువలేదు.

దర్శనమైన పిదప నేను గోడలవెంబడి తిరుగుచుండగా, స్తంభమున కానుకొని కూర్చున్న యొక వృద్ధురాలు చాలసేపు నన్ను గమనించి పిలిచినది.

"ఏటమ్మా, ఒక్కర్తివే వొచ్చినావు? కూడా ఎవులూ రానేదా?"

"లేదు మామ్మా."

"మొక్కా?"

"కాదు, గోడలు చూడవచ్చినాను."

"గోడలు సూడ్డానికి బస్సెక్కి వొచ్చినావా!" అని బోసినోటితో నవ్వి, ప్రక్కన కూర్చుండుమని నేలపై చేతితో తట్టినది. పెరుగన్నము ఆమెయు నేనును పంచుకొంటిమి. అప్పుడామె స్థలపురాణము చెప్పినది. స్థూలముగ నది యిట్లున్నది. శాపవశమున గంధర్వులు సవరలుగ పుట్టిరి. వారి నాయకునకు భార్య లిద్దరు. ఇంటినడుమ నొక ఇప్పచెట్టు. ఒక కొమ్మ ఒకామెవైపు, ఒక కొమ్మ రెండవయామెవైపు. పూలు చెరిసగము. శివభక్తురాలైన యామెవైపు రాలిన పూలు బంగారమగుచుండెను, రెండవయామె కోర్వలేకపోయెను. జగడము పెరిగి, విసిగిన నాయకుడు గొడ్డలితో చెట్టును నరికివేసెను. నరికిన మొద్దులో శివుని ముఖము కనబడినది. అదియే ముఖలింగము. ఇప్పచెట్టునకు సంస్కృతమున మధూకమని పేరు గనుక స్వామి మధుకేశ్వరుడయ్యెను.

ఇంతవరకు పుస్తకములలో నున్నదే. కథ ముగించి ఆ మామ్మ కొంచెముసే పూరకుండి, "అదంతా బాగుందమ్మా. మరి చెట్టుకి నీళ్ళు ఇద్దరూ పోసుంటారు గదా. ఆ రెండోదాని పువ్వులేం పాపం చేసినాయి?" అన్నది. నాకు సమాధానము తోచలేదు. ఆమెకు సవతిపోరు తెలియునో లేదో నే నడుగలేదు.

రాజులు వ్రాయించిన కథ వేరు. చోడగంగుని తామ్రశాసనములలో గాంగవంశకథ యున్నది. కామార్ణవుడను పూర్వపురుషుడు తమ్ములతో గూడ దక్షిణమునుండి వచ్చి, మహేంద్రగిరి యెక్కి గోకర్ణస్వామిని పూజించి, యీ దేశమును పాలించువానిని జయించి రాజయ్యెనట. ఆ వంశమువాడే నగరమున మధుకేశ్వరునకు గుడి కట్టించెనని యందే కలదు. అందు యుద్ధమున్నది; సవరయింటి యాడువారి మాట లేదు. సవరల చెట్టు, సవరల యిల్లాండ్రు, సవరల దేవుడు అన్న జ్ఞాపకము నోటికథలోనే మిగిలినది. ఉదయమున నేను ఘాటీలో చూచిన ఇప్పపూల బుట్టలు అప్పుడు జ్ఞప్తికి వచ్చినవి.

ఇక శాసనముల మాట. ఈ గుడి గోడలమీదను స్తంభములమీదను అనేక శాసనములు కలవు. సంస్కృతమునను తెలుగునను వ్రాసినవి. ఎక్కువభాగము పదునొకండు, పన్నెండు శతాబ్దములవి. 1925లో ప్రకటింపబడిన దక్షిణభారత శాసనముల అయిదవ సంపుటమున వీని పాఠములు అచ్చయినవి. నేను ఇంటివద్దనే పాతయక్షరముల పట్టిక నొక కాగితముపై వ్రాసికొని తెచ్చితిని. మొదటి అరగంట ఒక్క ముక్కయు తెలియలేదు. రాయి నల్లన, అక్షరము నల్లన. అప్పుడు చేతిసంచిలోని చిన్న అద్దము జ్ఞాపకము వచ్చినది. గోడకు కొంతదూరమున నిలిచి, అద్దముతో ఎండను ప్రక్కవాటముగ అక్షరములపైకి త్రిప్పితిని. చెక్కిన గీతలలో నీడ నిండి, పంక్తులు గోడమీదినుండి లేచి నిలిచినట్లయ్యెను. శాసనజ్ఞులు వాలు వెలుతురున చదువుదురని పుస్తకములో చదివితిని గాని, బొట్టు దిద్దుకొను అద్దమే చాలునని తలపలేదు.

"శ్రీ" దొరికినది. తరువాత "శక" యను రెండక్షరములు. వాని వెనుక సంవత్సరము. చాలసేపటికి "దీప" యన్నది చదువగలిగితిని. గంటకు నాలుగు మాటలు! అయినను ఆ నాలుగును తొమ్మిదివందల యేండ్లనాటివి. నడుమ నెవరి సాయమును లేకుండ నాకు చేరినవి.

దీపమన్నమాట యిచ్చట మాటిమాటికి వచ్చును. దేవునియెదుట రాత్రింబవళ్ళు ఆరని అఖండదీపము పెట్టించుట ఆ కాలమున గొప్ప దానము. ఊరక నెయ్యి పోసి వచ్చుట కాదు. మాడలు గాని, భూమి గాని, పశువులు గాని ఇచ్చి, దాని రాబడిచే సూర్యచంద్రులున్నంతకాలము నెయ్యి నడచునట్లు ఏర్పాటుచేసి, బాధ్యత యెవరిదో రాతిపై వ్రాయింపవలెను. ఒక్క దీపమనగా ఒక చిన్న ఆస్తి. అట్టి దాతలలో రాణులు కలరు, రాజోద్యోగుల భార్యలు కలరు, దేవాలయమున ఆటపాటలు నడిపిన సానులు కలరు. వారు తమ పేరు చెప్పి, తామిచ్చినది చెప్పి, పుణ్యమెవరికో చెప్పిరి. ఆ దీపములు కొండెక్కి యెన్ని శతాబ్దములాయెనో. మా యింటిలో మా అత్తగారి పేరు రేషనుకార్డుమీద దప్ప మరెక్కడను వ్రాసిలేదు.

ఈ శాసనములు చదువుటకు దారి తీసిన మహానుభావులలో గిడుగు వేంకట రామమూర్తిగారిని చెప్పక తీరదు. ఆయన 1863 ఆగష్టు 29వ తేదీన ముఖలింగమునకు సమీపమున వంశధారాతీరముననే, పర్వతాలపేటలో జన్మించిరి. 1880లో పర్లాకిమిడిలో బడిపంతులుగా కుదిరిరి. గురువు లేకుండ, పుస్తకములు తెప్పించుకొని, ఈ గుడి శాసనములయెదుట కూర్చుండి పాతలిపులను తామే నేర్చుకొనిరి. కళింగనగర మనగా ముఖలింగమేయని నిరూపించినవారు వారే. కొండలలోని సవరలభాష నేర్చి, దానికి 1931లో వ్యాకరణమును, 1938లో నిఘంటువును ప్రకటించిరి. రాతిమీది మాటయు, కొండమీది మాటయు ఆయనకు సమానముగ గౌరవపాత్రములు. 1936లో పర్లాకిమిడి ఒడిషాలో చేరగా ఆ యూరు విడిచి రాజమహేంద్రవరము చేరి, 1940 జనవరి 22న పరమపదించిరి. వాడుకభాషకై జీవితము ధారపోసిన యా పెద్దమనిషి నా యీ గ్రాంథికపు వ్యాసమును చూచినచో చెంపవాయించియుండెడివారేమో! అలవాటైన చేతిని మార్చుకొనుట కష్టము, వారు క్షమింతురుగాక.

మధ్యాహ్నము గుడిమెట్లమీద కూర్చుండి నేను తలచినది రాజసుందరినిగూర్చి. ఈమె చోళరాజు కుమార్తె, గాంగరాజైన రాజరాజదేవునికి భార్య, చోడగంగునకు తల్లి. కుమారుని పేరులోనే పుట్టినిల్లును మెట్టినిల్లును కలసియున్నవి. రాజరాజు 1070 మొదలు 1078 వరకు మాత్రమే ఏలెను. 1078లో పట్టాభిషేకమునాటికి చోడగంగుడు చిన్నవాడు. దూరదేశమునుండి వచ్చిన కోడలు, భాష వేరు, భర్త లేడు, కొడుకు బాలుడు, చుట్టును జ్ఞాతులును సామంతులును. శాసనములు బిరుదులు చెప్పును. ఆ యేండ్లలో ఆమె రాత్రులెట్లు గడచెనో చెప్పవు. తరువాత, పన్నెండవ శతాబ్ద్యారంభమున, కులోత్తుంగచోళుని సేనాని కరుణాకర తొండైమాను కళింగముపై దండెత్తివచ్చెను. తమిళములో కళింగత్తుప్పరణి యను కావ్యము ఆ విజయమును వర్ణించుచున్నది. అనగా రాజసుందరి పుట్టినింటి సైన్యము మెట్టినింటిపైకి వచ్చినది. అయినను చోడగంగుడు నిలిచి, దాదాపు డెబ్బదియేండ్లు రాజ్యముచేసి, గంగాతీరమువరకు జయించి, పూరీగుడికి పునాది వేసెను. రాజ్యము ఉత్తరమునకు పెరిగినకొలది రాజధానియు పన్నెండవ శతాబ్దిలోనే కటకమునకు తరలిపోయెను. శత్రువులు కాల్చిన నగరము కాదు కళింగనగరము. ఇంటివారే పెద్దయిల్లు కట్టుకొని విడిచిపోయిన పాతయిల్లు.

భీమేశ్వరాలయమును త్వరగనే చూచితిని. అలంకారము తక్కువ, కాని జనసంచారము లేక, లోపల చల్లగా నుండెను.

ఎండ చల్లారినపిదప నగరికటకమువైపు నడచితిని. రాజధానిని చూడబోవుచున్నానని మనస్సు ఊహలు కట్టినది. ఉన్నవి కోసిన వరిమళ్ళు, తాటిచెట్లు, గట్లమీద మేకలు. కోటగోడ యెక్కడయని యొక రైతు నడిగితిని. ఆయన నవ్వి కాలితో మట్టిని కదిపి, రెండంగుళముల ఎర్రని పెంకొకటి తీసి నా చేతిలో బెట్టెను. కుండమూతి ముక్క. మూతిచుట్టును వ్రేలితో నొక్కిన గాడి యున్నది. ఎవరో కుమ్మరి వ్రేలి గుర్తు. ఎవరో యిల్లాలు ఎసరు పెట్టిన కుండ. ఏనాటిదో నేను చెప్పజాలను. గుళ్ళు దేవునివి గనుక రాతితో కట్టిరి, నిలిచినవి. ఇండ్లు మనుష్యులవి గనుక మట్టితో కట్టిరి, మట్టిలో కలిసినవి. చూచి, పెంకును మరల చేనిగట్టుననే పెట్టితిని; పాతచోటులనుండి వస్తువులు తెచ్చుట న్యాయమును కాదు, శాస్త్రమునకు మేలును కాదు. ఉన్నచోట నున్నప్పుడే పెంకునకు మాట వచ్చును.

వంశధారలో నీరు సన్నగిల్లి ఇసుక వెడల్పుగ పరచుకొనియుండెను. ఒడిషా కొండలలో పుట్టి కళింగపట్నమువద్ద సముద్రమున గలియు నీ నదిలోనే ఒకనాడు రాజధానికి రాకపోకలు జరిగియుండవచ్చును. పాదములు కడుగుకొని, మూడున్నరకు తిరుగుబాట పట్టితిని.

పోదలచిన సోదరీమణులకు కొన్ని మాటలు. శివరాత్రి రోజులు దర్శనమునకు మేలు, చూచుటకు కావు. కార్తికమునుండి ఫాల్గునమువరకు ఎండ తక్కువ. పార్వతీపురమునుండి తొలిబస్సు తప్పినచో ఒక్కదినములో తిరిగివచ్చుట కష్టము. సీతంపేట ఘాటీని చీకటిపడకముందే దాటునట్లు చూచుకొనవలెను. శ్రీకాకుళమునుండి వచ్చువారికి నరసన్నపేటదారి సులువు. ఇవి పురావస్తుశాఖవారి రక్షణలో నున్న కట్టడములు. శాసనములకు సుద్ద రాయుట, నూనె పూయుట, పసుపుకుంకుమ లద్దుట తగదు; ఒక్కొక్క పూతకు ఒక్కొక్క గీత మూసికొనిపోవును. అద్దము మాత్రము మరువకుడు. ఉదయము పదింటిలోపలను, మధ్యాహ్నము మూడుదాటిన పిమ్మటను ఎండ ఏటవాలుగ నుండును. అప్పుడే అక్షరము బాగుగ తెలియును. మా అత్తగారు రాత్రి నా కాగితముపై నే నెత్తివ్రాసిన నాలుగు మాటలను కళ్ళజోడు పెట్టుకొని చూచి, "ఇందులో ఆడవాళ్ళ పేర్లు కూడ ఉన్నాయా?" అని యడిగిరి. వచ్చే మాఘములో ఆమెయు వత్తురట; మొక్కు మాట యెత్తలేదు.